ఏ దిక్కుకు?

పోయిన నెల మా ధర్మపురిలో ఒక ఇంటికి స్లాబు పోస్తుంటే చూడబోయాను. ఆ ఇల్లు కట్టిస్తున్న కుర్రవాడు ఒకప్పుడు బళ్ళో నా దగ్గర చరిత్ర చదువుకున్నవాడు. ఇప్పుడు మస్కట్‌లో ఉద్యోగం. తొమ్మిదేళ్ళు అక్కడ దాచుకున్న డబ్బుతో తాత కట్టిన పెంకుటింటి జాగాలో డాబా లేపుతున్నాడు. "సార్, మీరొచ్చి కొబ్బరికాయ కొట్టాలె" అంటే కాదనలేకపోయాను.

స్లాబు పనికి పన్నెండుమంది కూలీలున్నారు. అంతా బీహారువాళ్ళు. అందులో ఒక బక్కపలచని మనిషి మాటిమాటికీ వచ్చి, ఇంటిదగ్గర భార్యకు బాగాలేదనీ, తన కార్డు ఇచ్చేస్తే వెళ్ళొస్తాననీ హిందీలో బతిమాలుకుంటున్నాడు. మావాడు "కామ్ ఖతం హోనే దో" అని తోలేస్తున్నాడు.

ఏం కార్డు అని అడిగాను.

"ఆధార్ కార్డులు సార్. అందరివి నా దగ్గర్నే పెట్టుకున్న. లేకుంటే పైసలు తీసుకొని నడుమల్నే ఉడాయిస్తరు. ఈ వలసోళ్ళను నమ్మరాదు" అన్నాడు.

వేపచెట్టు కింద కుర్చీలో వాళ్ళ తాత కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. అంతసేపూ కళ్ళు మూసుకుని నిద్రపోతున్నాడనుకున్నాను. కళ్ళు తెరవకుండానే అడిగాడు:

"మస్కట్ల నీ పాస్‌పోర్టు ఎవలి కాడుంటదిరా?"

కుర్రవాడి మొహం చిన్నబోయింది. "కంపెనీ కాడ ఉంటది. గది వేరే తాతా" అన్నాడు.

ఇంటికి వచ్చిన తర్వాత కూడా ఆ మాటే చెవిలో తిరుగుతూ వచ్చింది. నిజంగా అది వేరేనా? ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పి, "చరిత్ర ఏం పనికొస్తది సార్?" అని వాళ్ళడిగితే "పరీక్షకు" అని నవ్వి ఊరుకున్నవాణ్ణి నేను. ఆ ప్రశ్నకు ఇన్నాళ్ళకు జవాబు వెతుక్కోవలసి వచ్చింది. ఈ వారం పాఠకులు ఆ వెతుకులాటలో నాతోపాటు కాస్త నడవాలి.

దేశవిభజన నాటి నుంచి చాలాకాలం మన పత్రికల్లో 'కాందిశీకులు' అన్న మాట కనిపించేది. ఇప్పుడు శరణార్థులు అంటున్నాం. కాందిశీకుడు అంటే ఎవరో అందరికీ తెలుసు గాని, మాట ఎలా పుట్టిందో తెలిసినవారు కొద్దిమందే. 'కాం దిశమ్' అంటే 'ఏ దిక్కుకు?' అని. ఇల్లూ వాకిలీ వదిలి, బజారులో నిలబడి, ఏ దిక్కుకు పోను అని అడిగేవాడు కాందిశీకుడు. మన తెలుగులో దిక్కు అంటే తూర్పు పడమరలే కావు, ఆసరా కూడా. "వాడికి దిక్కెవరు?" అంటాం. పోవడానికి దిక్కూ, చూడడానికి దిక్కూ రెండూ లేనివాడన్నమాట.

మా కుర్రవాడు కాందిశీకుడు కాడు. తన ఇష్టంతో, వీసా చేత పుచ్చుకుని విమానమెక్కినవాడు. బీహారు కూలీ కూడా కాందిశీకుడు కాడు. చట్టం దృష్టిలో ఈ తేడా పెద్దదే. 1951లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం జాతి, మతం, రాజకీయాభిప్రాయం వంటి కారణాలకు వేధిస్తారన్న భయంతో దేశం దాటినవాడే శరణార్థి. ఆకలికి భయపడి దాటినవాడు కాడు. (ఆ ఒప్పందంలో మన దేశం చేరలేదు.) కాని చరిత్ర తిరగవేస్తే, భయానికీ ఆకలికీ మధ్య గీత మన కాగితాల్లో ఉన్నంత స్పష్టంగా మనుషుల బతుకుల్లో ఉండదు.

ఆ ఇంటినే తీసుకోండి. మా ప్రాంతంలో ఒక నానుడి ఉంది: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. పొట్టకోసం మావాళ్ళు దిగిన మూడు బావులు. ఆ పెద్దాయన తండ్రి బొంబాయిలో మన్ను మోశాడు. పెద్దాయన గోదావరిఖనిలో గనులు తెరిచిన కొత్తల్లో బొగ్గుబాయిలో దిగాడు. ఆయన కొడుకు దుబాయి పోయాడు. మనుమడు మస్కట్‌లో ఉన్నాడు. నాలుగు తరాలు, నాలుగు చోట్లు. ఏ తరానికాతరం అది తమ తలరాత అనుకుంది. తలరాతే కావచ్చుగాని, రాసినవాడి దస్తూరీ మాత్రం కొంత గుర్తుపట్టవచ్చు.

మొదటిది బొంబాయి. ఆ మహానగరం పుట్టుకలోనే తెలుగువాళ్ళ చెమట ఉంది. విడివిడి దీవులుగా ఉన్న చోటును ఇంగ్లీషువాళ్ళు పల్లం పూడ్చి, గట్లు కట్టి ఒకటి చేస్తున్న కాలంలో నిజాం రాజ్యం నుంచి పోయిన కూలీలు అక్కడ మన్ను మోశారు, ఇళ్ళు కట్టారు. వాళ్ళను కామాఠీలన్నారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటే కామాఠీపురా. ఆ పేరు వినగానే నలుగురూ మొహం చిట్లిస్తారుగాని, అది మొదట మన కూలీల పేట. 1854లో అక్కడ నూలుమిల్లుకు అంకురార్పణ జరిగింది. తర్వాత మిల్లుల మీద మిల్లులు లేచాయి. 1874లో హైదరాబాదుకు రైలు వచ్చి బొంబాయి దారితో కలిసింది. అక్కణ్ణించి ఆ నడక మరీ సులువైంది.

"నిజాం రాజ్యం ఇంగ్లీషువాళ్ళది కాదుగదండీ! మరి వాళ్ళనెందుకు అనడం?" అని మీరడగవచ్చు. నేనూ బళ్ళో అలాగే చెప్పేవాణ్ణి. ప్యాటలో జెండా నిజాముదే. ఖజానా మాత్రం ఎక్కడికో కారుతూ ఉండేది. 1798లో నిజాం కంపెనీవారి సైన్యసహకార ఒప్పందంలో చేరాడు. సైన్యం వాళ్ళది, ఖర్చు ఈయనది. 1800లో దానికోసమే రాయలసీమ జిల్లాలు ఇచ్చేశాడు. 1853లో కంటింజెంట్ సైన్యం బాకీ కింద బేరారు అప్పగించవలసి వచ్చింది. పైన ఇంత బరువు పడితే కింద ఎవడి నడుము వంగుతుందో చెప్పనక్కర లేదు. దేశముఖులు, జాగీర్దార్లు, వెట్టిచాకిరి, దాని మీద శిస్తు. ఇక ఇంగ్లండు మిల్లుగుడ్డ ఊరూరా దిగాక మన సాలెవాళ్ళ మగ్గాలకు గిరాకీ తగ్గింది. వాళ్ళు షోలాపూరు మిల్లులకు, తర్వాత భివండీ మరమగ్గాలకు తరలిపోయారు. ఇవాళ్టికీ ఆ రెండు ఊళ్ళలో తెలుగు పద్మశాలీల వీధులున్నాయి.

రెండోది బొగ్గుబాయి. ఇది మన నేల మీదే ఉంది గనుక మనదే అనుకుంటాం. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో లండన్‌లో హైదరాబాదు దక్కన్ కంపెనీ పుట్టి ఆ తవ్వకం హక్కులు పుచ్చుకుంది. ఆ వ్యవహారంలో వాటాలను నిజాం ప్రభుత్వానికే హెచ్చు ధరకు అంటగట్టారన్న రభస లేచి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఒక కమిటీ వేసి విచారించింది. ఊరు మనది, బొగ్గు మనది, తవ్వే చేతులు మనవి, కంపెనీ మాత్రం లండన్‌ది! 1920లో అది సింగరేణి కాలరీసు అయింది. 1945లోగాని నిజాం ప్రభుత్వం దానిలో పెద్ద వాటా కొనలేదు. ఈలోగా 1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు పూర్తయింది. గోదావరి అవతల మంచిర్యాల, బెల్లంపల్లి వైపు కొత్త గనులకు దారి పడింది. మా ఏటి ఒడ్డు పల్లెల నుంచి మనుషులు అటు నడిచారు.

మూడోది దుబాయి. ఇక్కడ కథ తమాషాగా తిరుగుతుంది. ఒకప్పుడు అరబ్బు యువకులే ఉద్యోగాలు వెతుక్కుంటూ నిజాం రాజ్యానికి వచ్చేవారు. యెమెన్ దేశంలోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా చేరారు. హైదరాబాదులో వాళ్ళున్న బారకాసులే ఇవాళ్టి బార్కస్ పేట. 1948 తర్వాత వాళ్ళలో కొందరిని ఓడలెక్కించి పంపేశారు. పాతికేళ్ళు తిరిగేసరికి మనవాళ్ళు ఆ ఎడారికి బయల్దేరారు.

ఎందుకు అక్కడికే? గల్ఫు షేకుల వ్యవహారాలు చూసే ఇంగ్లీషు అధికారి 1947 వరకు ఢిల్లీ ప్రభుత్వం కిందనే పనిచేసేవాడు. ఆ రేవుల్లో చెలామణి అయ్యింది మన రూపాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చు వేయించింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక దుబాయి వదిలేసింది, మస్కట్ 1970 వరకు వాడింది. 1971లో ఇంగ్లీషువాళ్ళు అక్కణ్ణించి వెళ్ళిపోయారు. 1973లో చమురు ధర ఒక్కసారి నాలుగింతలైంది. కట్టడానికి డబ్బుంది, కట్టే చేతులు లేవు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో దొరలకూ రైతుకూలీలకూ పోరాటం ముదిరింది. 1978లో ఈ రెండు తాలూకాలనూ ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊళ్ళో కుర్రాళ్ళ మీద పోలీసుల కన్ను. వాన లేక చేను ఎండింది. ఏజెంటు వచ్చి వీసా అన్నాడు. ఆ రోజు విమానమెక్కినవాడు ఆకలికి ఎక్కాడా, భయానికి ఎక్కాడా? మీరే తేల్చండి.

ఇక పాస్‌పోర్టు సంగతి. పరదేశి కూలీకి ఒక స్థానికుడు జామీనుగా ఉండాలి, అతని అనుమతి లేకుండా కూలీ పని మారరాదు, దేశం విడవరాదు అనే పద్ధతిని గల్ఫులో కఫాలా అంటారు. ఇది అరబ్బుల అనాదికాలపు ఆచారమని చాలామంది నమ్మకం. దాని మూలాలు 1920లలో ఇంగ్లీషు అధికారం నడిచిన బహ్రెయిన్‌లో, ముత్యాల వేటకు వచ్చే పరదేశీ పనివాళ్ళను అదుపు చేయడానికి పెట్టిన నిబంధనల్లో ఉన్నాయని ఇటీవలి చరిత్రకారులు చూపారు. మన దేశంలో మాత్రం తక్కువా? అడ్వాన్సు తీసుకున్న కూలీ పని వదిలిపోతే జైల్లో పెట్టవచ్చని 1859లో చట్టం చేశారు. 1925లోగాని దాన్ని రద్దు చేయలేదు. యజమాని జీతం ఎగ్గొడితే దావా వేసుకోవాలి. కూలీ పని ఎగ్గొడితే నేరం! ఆధార్ కార్డు దాచిపెట్టిన మావాడికి ఆ చట్టం సంగతి తెలియదు. అయినా దాని బుద్ధి చేతికి అందింది.

తెలంగాణవాళ్ళు పడమరకు పోతే కోస్తావాళ్ళు తూర్పుకు పోయారు. అక్కడ ఉత్తర సర్కారులు ముందే కంపెనీ చేతిలో పడ్డాయి. 1834లో ఇంగ్లీషు రాజ్యంలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. గడువు కూలీ ఒప్పందం మీద వేలిముద్ర వేయించి మారిషస్‌కు, 1860 నుంచి నటాలుకు, 1903 నుంచి ఫిజీకి మనవాళ్ళను ఓడలెక్కించారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాడికి 'కోరంగి' అనే పేరు పడింది. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులే.

ఆ రంగూన్‌లో 1930 మే నెలలో జరిగిన సంగతి ఒకటి చెప్పి తీరాలి. రేవులో ఓడలకు సరుకులెత్తే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలవాళ్ళు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నారు. పొద్దున పనికొచ్చిన బర్మీయుడికి అక్కడ తెలుగువాడు కనిపించాడు, కంపెనీ దొర కనిపించలేదు. కొట్లాట లేచింది. రోజుల తరబడి సాగిన ఆ అల్లర్లలో ఎక్కువగా చచ్చింది తెలుగు కూలీలు. కూలీ కూలీని చంపాడు. ఇద్దరికీ కూలి తగ్గించిన చెయ్యి ఎవరిదో ఇద్దరూ చూడలేదు.

1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. అప్పుడు కోరంగి కూలీ ఒక్కరోజులో కాందిశీకుడయ్యాడు. నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. ఎక్కువమంది అడవుల్లో, కొండల్లో కాలినడకన అస్సాం, చిట్టగాంగు వైపు నడిచారు. దారిలో విషజ్వరాలకూ ఆకలికీ వేలాదిమంది పోయారు. మిగిలినవాళ్ళలో తిరిగి వెళ్ళినవారిని 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక, దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసి, మళ్ళీ పంపేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఆ రోజుల గుర్తే. గల్ఫులోనూ అంతే. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్భై వేలమంది వరకు మనవాళ్ళను విమానాల్లో ఇంటికి చేర్చవలసి వచ్చింది. నిన్నటి ఉద్యోగి ఇవాళ్టి కాందిశీకుడు. మధ్యలో ఒక్క రాత్రి.

అంత దూరం పోనక్కర లేదు. 1947–48లో రజాకార్ల రోజుల్లో మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి జనం గోదావరి, ప్రాణహిత దాటి చాందా వైపు పోయారు. అక్కడ కాంగ్రెసు సరిహద్దు శిబిరంలో పనిచేసినవారిలో ఒక యువకుడు పాములపర్తి వెంకట నరసింహారావు. తర్వాత దేశానికి ప్రధానమంత్రి అయ్యారు. 1948 సెప్టెంబరు తర్వాత మరో మతం వాళ్ళు ఊళ్ళు వదిలి పోవలసి వచ్చింది. ఆ సంగతి మేం పిల్లలకు తక్కువగా చెప్పాం. 1960లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు కాగజ్‌నగర్ పక్కన ఈస్‌గాం ప్రాంతంలో భూములిచ్చి ఊళ్ళు కట్టించారు. గంగ ఒడ్డువాళ్ళు మా గోదావరి జిల్లాలో వరి నాటారు.

ఇంకో మాట కూడా చెప్పకపోతే నా లెక్క తప్పుతుంది. వలస వచ్చినవాడు ఎల్లప్పుడూ దీనుడే కాడు. ఆదిలాబాద్ అడవుల్లో బాటలు పడ్డాక, బయటినుంచి వచ్చినవాళ్ళు పట్టాలు చేయించుకుని, అడవిశాఖవాళ్ళు గీతలు గీసి గోండులను వాళ్ళ నేలలోనే పరాయివాళ్ళను చేశారు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం తిరగబడి ప్రాణాలిచ్చింది అందుకే. తర్వాతగాని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి వాళ్ళ స్థితిగతులు కనుక్కోలేదు. ఒకచోట తరిమివేయబడ్డవాడు మరోచోట తరిమేవాడు కావచ్చు. చరిత్ర ఎవరికీ పుట్టుకతో పుణ్యం రాసిపెట్టలేదు.

ఇదంతా రెండు రోజుల తర్వాత, సాయంత్రం గోదావరి మెట్ల మీద కూర్చుని మావాడికి చెప్పాను. మీకు తెలిసే ఉంటుంది, ధర్మపురి దగ్గర గోదావరి దక్షిణానికి తిరిగి పారుతుంది. దక్షిణవాహిని అని యాత్రికులు ఇక్కడ మునకలు వేస్తారు. ఏరే దిక్కు మార్చుకున్న ఊరు మాది. ఇక్కడికి కాస్త కిందనే కోటిలింగాలలో రెండువేల ఏళ్ళనాటి శాతవాహనుల నాణేలు దొరికాయి. అంటే మనుషులూ సరుకులూ ఈ ఏటి వెంట తిరగడం నిన్నా మొన్నా మొదలైంది కాదు.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బళ్ళె గిట్ల చెప్పలేదు గద సార్" అన్నాడు.

నిజమే. 1857 అన్నాను, 1947 అన్నాను. రాజులూ, గవర్నర్ జనరళ్ళూ, ఒడంబడికలూ వరసగా అప్పజెప్పించాను. వాళ్ళ ముత్తాత బొంబాయికి ఎందుకు పోయాడో ఆ పాఠంలో ఉందని ఆ పిల్లవాడికి చెప్పలేదు. తప్పు నాదే.

"మస్కట్ల మా సూపర్‌వైజరు మమ్ముల 'నమ్మరాదు' అనేటోడు సార్" అన్నాడు మళ్ళీ. "నాకు మస్తు కోపమొచ్చేది."

మర్నాడు పొద్దున్నే పన్నెండు కార్డులూ ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాడట. వాళ్ళ తాతే చెప్పాడు. బక్కమనిషికి అప్పటివరకు చేసిన పనికి కూలి లెక్కగట్టి, రామగుండం స్టేషను దాకా మోటారుసైకిలు మీద దింపి వచ్చాడు. మిగిలిన పదకొండుమందిలో ఒక్కడూ ఉడాయించలేదు. స్లాబు ఆరింది, గోడలకు పూత పనులు నడుస్తున్నాయి. వెళ్ళినవాడు మాత్రం ఈ మాటలు రాసేవేళకు ఇంకా తిరిగి రాలేదు.

"రాకపోతే ఎలా?" అన్నాను నిన్న కనిపిస్తే.

"రాకుంటే రాడు సార్. వాని పెండ్లాం సుస్తీ వానిది. నేనుగూడ ఒకపారి సెలవు మీద వచ్చి రెండు నెలలు ఎక్కువున్న" అన్నాడు. వచ్చే నెల అతనికీ మస్కట్ ప్రయాణం ఉంది. అక్కడ దిగగానే పాస్‌పోర్టు కంపెనీవాళ్ళు అడుగుతారు. ఈసారి ఇవ్వనంటావా అని నేనడగలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.